కార్డు కాదు, స్క్రూలు: ఒక మెలోట్రాన్ ఎం400 మరమ్మతు

మెలోట్రాన్ ఎం400 అనే టేపు కీబోర్డు వాద్యంతో పాటు వచ్చిన చీటీలో ఒకే వాక్యం ఉంది: "మోటారు కంట్రోల్ కార్డు పోయింది, మార్చాలి." జబ్బుతో పాటు మందు పేరు కూడా రాసి పంపే చీటీలంటే నాకు కాస్త అనుమానం. లక్షణాలు ఏమిటని యజమానిని ఫోనులో అడిగితే అసలు సంగతులు బయటికి వచ్చాయి. ఒక్క మెట్టు నొక్కితే శ్రుతి ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా పలుకుతోంది. మూడు మెట్లు కలిపి నొక్కితే సరిగ్గా ఉంటోంది. రెండు చేతులతో నిండుగా వాయిస్తే కిందికి జారిపోతోంది. కొన్ని మెట్లు మందంగా, పైస్వరాల మెరుపు లేకుండా పలుకుతున్నాయి. ఒక మెట్టు ఒకసారి పలికాక మళ్లీ నొక్కితే మూగబోతోంది. వయొలిన్లు పెట్టుకుని వాయిస్తుంటే వెనక నుంచి ఫ్లూటు నీడలా వినిపిస్తోంది. వీటన్నిటి కింద ఆగని హమ్మింగ్.

మోటారు వేగాన్ని నిలకడగా ఉంచే సర్క్యూట్ పలకే ఈ కార్డు. అది పోతే శ్రుతి జారుతుంది, నిజమే. ఎం400లో మొదట్లో వేసిన సీఎంసీ-10 అనే కార్డుకు చెడ్డపేరు ఉంది కూడా. ఆ తర్వాత ఎస్ఎంఎస్ వరుస కార్డులు వచ్చాయి. ఈ వాద్యంలో ఉన్నది ఆ తరువాతి రకమే. అయినా చెడ్డపేరు మాత్రం మిగిలిపోయింది. మెలోట్రాన్ శ్రుతి జారిందంటే చాలామంది చేయి నేరుగా కార్డు మీదికే వెళ్తుంది. కార్డు పోతే మూడు మెట్ల దగ్గర శ్రుతి అంత చక్కగా ఎందుకు కుదురుతుంది? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది.

లోపల ఏముంది

ఎం400ను చూడని వారి కోసం కొంత చెప్పాలి. బయటికి తెల్లరంగు పూసిన చెక్కపెట్టె, బరువు 55 కిలోల దాకా ఉంటుంది. పైన జి నుంచి ఎఫ్ వరకు 35 మెట్లు, అంటే మూడు స్థాయిలకు కాస్త తక్కువ. లోపల శబ్దాన్ని పుట్టించే సర్క్యూట్ ఏదీ లేదు. ప్రతి మెట్టుకూ విడిగా ఒక టేపు, ఆ టేపును చదివే ప్లేబ్యాక్ హెడ్డు విడిగా ఒకటి ఉంటాయి. టేపు వెడల్పు అంగుళంలో 3/8 వంతు, అంటే దాదాపు 9.5 మిల్లీమీటర్లు. దాని మీద పక్కపక్కనే ఏ, బి, సి అని మూడు ట్రాకులు. ఈ వాద్యంలో ఏ మీద వయొలిన్లు, బి మీద ఫ్లూటు, సి మీద ఎనిమిది గొంతుల బృందగానం ఉన్నాయి. ఆ స్వరాన్ని నిజంగా వాయించి, నిజంగా పాడి రికార్డు చేసిన టేపులే ఇవి.

వాద్యం వెడల్పునా అడ్డంగా ఒకే ఒక పొడవాటి ఇనుప కడ్డీ తిరుగుతూ ఉంటుంది. అది క్యాప్‌స్టన్. దాని చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, దానికి బెల్టు, బెల్టుకు అవతల మోటారు. మెట్టు నొక్కగానే రెండు పనులు జరుగుతాయి. ఫెల్టు అంటించిన ప్రెషర్ ప్యాడ్ టేపును హెడ్డుకు ఆనిస్తుంది, రబ్బరు పించ్ రోలర్ అదే టేపును తిరిగే క్యాప్‌స్టన్‌కు నొక్కుతుంది. టేపు సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో, అంటే 19 సెంటీమీటర్ల చొప్పున కదులుతూ కింద ఉన్న గూటిలోకి దిగుతుంది. సుమారు 8 సెకన్లకు అయిపోతుంది. మెట్టు వదలగానే స్ప్రింగులు టేపును మొదటికి లాగేస్తాయి. అందుకే మెలోట్రాన్ వాయించేవారి వేళ్లు స్వరాన్ని ఎంతసేపైనా పట్టుకుని కూర్చోవు. టేపు అయిపోకముందే ఒక వేలు లేచి మరొకటి దిగుతూ ఉంటుంది.

ఈ రెండు పనులకూ ఒక్కో మెట్టుకు రెండు సర్దుబాటు స్క్రూలు ఉన్నాయి. ఒకటి ప్యాడ్‌కు, ఒకటి రోలర్‌కు. మొత్తం 70. వాద్యం చరిత్రలోనూ 70కి ఒక చోటుంది. అమెరికాలో హ్యారీ ఛాంబర్లిన్ తయారుచేసిన టేపు వాద్యాలు రెండింటిని ఆయన దగ్గర పనిచేసే బిల్ ఫ్రాన్సెన్ 1962లో ఇంగ్లండుకు తెచ్చి, ఒకే తీరున ఉండే 70 టేపు హెడ్డులు చేసిపెట్టే వారి కోసం వెతికాడు. దొరికింది బర్మింగ్‌హామ్ ప్రాంతంలో బ్రాడ్‌మ్యాటిక్ అనే సంస్థ నడుపుతున్న బ్రాడ్లీ సోదరులు. 1963లో మెలోట్రాన్ మార్క్ 1 అక్కడి నుంచే వచ్చింది. దాన్ని మోయలేక అవస్థపడిన సంగీత బృందాలకు ఊరటగా 1970లో ఎం400 వచ్చింది. 1986లో కంపెనీ మూతపడేలోపు ఎం400లు 1,800కు పైగా తయారయ్యాయి. మా వర్క్‌షాపు ఉన్నది బర్మింగ్‌హామ్ ఉన్న ఈ మిడ్‌లాండ్స్ ప్రాంతంలోనే కాబట్టి ఏటా ఒకటో రెండో ఇటు వస్తూనే ఉంటాయి. ఒక తెలుగువాడు వాటి పొట్టలో చేయి పెట్టడం చూసి యజమానులు మొదట కొంచెం తడబడతారు. టేపు రికార్డర్లు బాగుచేసి ఎదిగిన చేతికి ఇందులో అంత కొత్తదనం ఏమీ ఉండదు. క్యాప్‌స్టన్, పించ్ రోలర్, ఫెల్టు ప్యాడ్, హెడ్డు: అన్నీ పాత చుట్టాలే, కాకపోతే 35 కుటుంబాలు ఒకే ఇంట్లో ఉన్నాయి.

కరెంటు ఇవ్వకముందు

ఈ వాద్యం చాలా ఏళ్లు ఒక సమావేశ మందిరం వెనక గదిలో, చెమ్మలో ఉంది. నిలువుగానే ఉంచారు, అది అదృష్టం. ఎం400ను వెల్లకిలా పడుకోబెడితే గూళ్లలోంచి టేపులు జారి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. అలాంటి ముడులు విప్పడం ఎవరికీ రాకూడని శిక్ష.

మొదట మెయిన్స్ తీగ, ప్లగ్గు, పెట్టెలోని ఇనుప భాగాలకు ఎర్తు చూశాను. తీగ తొడుగు గట్టిపడి పగుళ్లిచ్చింది. దాన్ని వెంటనే మార్చేశాను. తర్వాత సిరీస్ బల్బు పెట్టి కరెంటు ఇచ్చాను. చాలాకాలం వాడని పవర్ సప్లైలో కెపాసిటర్ షార్టయి ఉంటే బల్బు నిండుగా వెలిగి చెప్పేస్తుంది. ఇక్కడ బల్బు ఒక్కసారి మెరిసి మందగించింది. సప్లై వోల్టేజీలు సరిగానే ఉన్నాయి. అప్పుడు బల్బు తీసేశాను.

మోటారు అరగంట తిరిగాక 35 మెట్లనూ మూడు ట్రాకుల మీదా ఒక్కొక్కటిగా వాయించి రికార్డు చేశాను. అంటే 105 స్వరాలు. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని వదిలేసి ఏ స్క్రూ ముట్టినా ముందున్న స్థితి ఏమిటో ఇక ఎవరూ చెప్పలేరు. స్వరం ఎంత ఎక్కువ తక్కువ ఉందో ట్యూనర్‌తో చూసి, పట్టికలో రాసుకున్నాను. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. టేపు వేగం ఒక శాతం మారితే శ్రుతి 17 సెంట్లు మారుతుంది. ఈ ఒక్క లెక్క మనసులో ఉంటే చాలు, ట్యూనర్ చూపే అంకె నేరుగా యంత్రం వేగంలోకి మారిపోతుంది.

ఒక్క మెట్టు నొక్కినప్పుడు నడిమి స్థాయిలో సగటున 22 సెంట్లు ఎక్కువ. మూడు మెట్లకు దాదాపు సున్నా. ఏడు మెట్లకు 30 సెంట్లు తక్కువ. ఒక మెట్టుకూ ఏడు మెట్లకూ తేడా 52 సెంట్లు, అంటే వేగంలో మూడు శాతం. పక్కపక్క ఉన్న అర్ధస్వరాల్లో సగం దూరం జారిపోతోందన్నమాట. ఏ పాటా దీన్ని భరించలేదు.

పట్టిక మరో సంగతి కూడా చెప్పింది. ఒకే క్యాప్‌స్టన్ అన్ని టేపులనూ లాగుతున్నప్పుడు అన్ని మెట్లూ ఒకే మోతాదులో ఎక్కువ చూపాలి. అలా లేదు. కొన్ని మెట్లు పక్కవాటికన్నా 10, 15 సెంట్లు దిగువన ఉన్నాయి. కాస్త తేడాకు నేను కంగారుపడను. రికార్డు చేసిన రోజున వాయించిన వయొలిన్ విద్వాంసుల వేళ్లలోనే ఆ తేడా ఉంది, మెలోట్రాన్ మాధుర్యంలో సగం అదే. కానీ ఏ, బి, సి మూడు ట్రాకుల్లోనూ ఒకే మెట్టు ఒకే మోతాదులో కిందికి ఉంటే అది విద్వాంసుల పని కాదు. అక్కడ టేపు జారుతోంది, లేదా దాన్ని ఏదో పట్టి లాగుతోంది.

కార్డుకు పరీక్ష

నేరం మోపింది కార్డు మీద కాబట్టి ముందు దాన్నే విచారించాను. మోటారు రెండు కొనలకూ మల్టీమీటర్ తగిలించి, మెట్లు ఒక్కొక్కటిగా కలుపుతూ వెళ్లాను. ఎన్ని మెట్లు నొక్కితే అంత వోల్టేజీ పెరుగుతోంది. భారం పెరిగిందని గుర్తించి, మోటారుకు మరింత శక్తి ఇస్తోందన్నమాట. కార్డు చేయాల్సిన పని సరిగ్గా ఇదే. నాలుగైదు మెట్ల తర్వాత వోల్టేజీ ఒకచోట ఆగిపోయింది. అది ఆ కార్డు ఇవ్వగలిగిన గరిష్ఠం. అక్కడి నుంచే శ్రుతి గబగబా దిగుతోంది.

అంటే కార్డు తన శక్తి మేరకు పనిచేస్తోంది, దాని నెత్తిన మోయలేని బరువు పెట్టారు. కొత్త కార్డు వేసినా అదే గరిష్ఠం దగ్గర అలాగే ఆగుతుంది. వెతకాల్సింది ఆ బరువు ఎక్కడి నుంచి వస్తోందని.

బెల్టు తీసేసి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి వదిలాను. అంత బరువైన చక్రం చాలాసేపు తిరగాలి. ఇది నాలుగు చుట్లు బద్ధకంగా తిరిగి ఆగింది. బేరింగుల్లో ఎప్పటిదో గ్రీజు చెమ్మకూ దుమ్ముకూ కలిసి జిగురుగా మారింది. మెట్లు ఏవీ నొక్కకముందే మోటారు సగం కష్టపడుతోంది.

మిగతా సగం మెట్ల దగ్గర దొరికింది. కీబోర్డు విడదీసి చూస్తే 70 స్క్రూల్లో దాదాపు అన్నీ లోపలికి బిగించి ఉన్నాయి. కొన్నిటి తలల మీద కొత్త గీతలు. ఎవరో ఒక పద్ధతిలో కూర్చుని, ఓపికగా, అన్నిటినీ బిగించారు.

ఎవరు, ఎందుకు బిగించారు

ఇక్కడి నుంచి నాకు కథ మొత్తం తిరగేసి కనిపించింది, దాన్ని వరుసగా చెబుతాను. ఈ వాద్యం అసలు రోగం వయసు. ఫెల్టు ప్యాడ్‌లు నలిగి గట్టిపడతాయి. గట్టిపడ్డ ఫెల్టు టేపును హెడ్డుకు పూర్తిగా ఆనించదు, చిన్న ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీకి ముందుగా బలయ్యేది పైస్వరాల మెరుపు. మందంగా పలికే మెట్లను చూసి ఎవరో ప్యాడ్ స్క్రూలు బిగించారు. మెరుపు తిరిగి వచ్చింది. ప్యాడ్ మాత్రం టేపును బ్రేకులా పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇంకోవైపు రబ్బరు రోలర్లు కూడా నునుపెక్కి గట్టిపడ్డాయి. బ్రేకు పడ్డ టేపును అవి లాగలేక జారాయి, ఆ మెట్ల శ్రుతి తగ్గింది. అప్పుడు రోలర్ స్క్రూలు బిగించారు. ఇప్పుడు ప్రతి రోలరూ క్యాప్‌స్టన్‌ను వంచేంత బలంతో నొక్కుతోంది. ఏడు మెట్లు నొక్కితే ఏడు బ్రేకులు. దానికి తోడు జిగురుపట్టిన బేరింగులు. మొత్తం శ్రుతి దిగిపోయింది. చివరికి కార్డు మీది వేగం సర్దుబాటును తిప్పి, మూడు మెట్లు కలిపి నొక్కితే సరిగ్గా పలికే చోట ఆపారు. ఇలాంటి వాద్యం మీద ఎక్కువగా వాయించేది మూడు స్వరాలు కలిపే కదా. ఒంటి స్వరం ఎక్కువ పలకడానికి, రెండు చేతుల నిండా వాయిస్తే జారడానికి, నడుమ ఒక్కచోట మాత్రం అందంగా కుదరడానికి కారణం అదే.

ఏ అడుగూ మూర్ఖత్వం కాదు. విడివిడిగా చూస్తే ప్రతి మరమ్మతుకూ అప్పటికప్పుడు ఫలితం కనిపించింది. అందుకే ఇది ప్రమాదకరం. మెలోట్రాన్‌లో స్క్రూ తిప్పడం తేలిక, ఫలితం వెంటనే వినిపిస్తుంది. ఫెల్టు మార్చడం, బేరింగు కడగడం కష్టం, వెంటనే ఏమీ వినిపించదు. చేయాల్సిన వరుస మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు: ముందు తిరిగేవి, తర్వాత తాకేవి, స్క్రూలు అన్నిటికన్నా చివర.

తిరిగేవి

క్యాప్‌స్టన్‌ను తీసి బేరింగులను ద్రావకంతో కడిగి, పలుచటి మెషిన్ ఆయిల్ చాలా కొద్దిగా వేశాను. ఇక్కడ ఎక్కువ నూనె తక్కువ నూనెకన్నా చెడ్డది. అది కడ్డీ వెంట పాకి రోలర్లకు, అక్కడి నుంచి టేపులకు అంటుతుంది. నూనె తాగిన రోలర్‌ను బాగుచేయడం కన్నా మార్చడమే సుఖం.

చెమ్మ వల్ల కడ్డీ మీద అక్కడక్కడ తుప్పు మచ్చలు ఉన్నాయి. వాటి మీద ఉప్పుకాగితం పెట్టాలన్న ఆలోచన వస్తే చేయి వెనక్కి తీసుకోవాలి. టేపు వేగాన్ని నిర్ణయించేది ఆ కడ్డీ మందమే. ఒకచోట అరిగితే ఆ మెట్టు శ్రుతి శాశ్వతంగా తగ్గుతుంది, దాన్ని సరిచేసే స్క్రూ ఏదీ లేదు. లోహపు పాలిష్‌తో మెత్తగా రుద్ది, మచ్చల గరుకు పోయాక ఆపేశాను. రంగు మిగిలితే మిగలనీ. పాలిష్ ఆనవాళ్లు పూర్తిగా పోయేదాకా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. బెల్టు కొత్తది వేశాను. ఇప్పుడు ఫ్లైవీల్‌ను తిప్పి వదిలితే, నేను పక్కకు వెళ్లి పనిముట్లు సర్దుకుని వచ్చేసరికి ఇంకా తిరుగుతూనే ఉంది.

కీబోర్డు బిగించి, స్క్రూలు ముట్టకుండానే మళ్లీ కొలిచాను. ఒకటికీ ఏడుకీ మధ్య తేడా 52 నుంచి 31 సెంట్లకు దిగింది. బేరింగుల వాటా ఎంతో తేలింది. మిగిలింది మెట్లది.

తాకేవి

రోలర్లలో చాలావరకు గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెడితే పట్టు తిరిగి వచ్చింది. రబ్బరుకు ఆల్కహాల్ వాడను, అది రబ్బరును మరింత ఎండగొడుతుంది. కొన్ని ఇక పనికిరావు, వాటిని మార్చాను. వాటిలో ఒకటి ప్రత్యేకం. నడిమి స్థాయిలో ఒక మెట్టు స్వరం సెకనుకు నాలుగైదు సార్లు ఊగేది. గమకం బాగుందని ఎవరైనా మెచ్చుకోవచ్చు గానీ అది ఎవరూ అడగని గమకం. ఊగుడు అన్ని మెట్లలో ఒకేలా ఉంటే తప్పు క్యాప్‌స్టన్‌లోనో బెల్టులోనో ఉన్నట్టు, ఒకే మెట్టులో ఉంటే ఆ మెట్టు రోలర్‌లో ఉన్నట్టు. చూస్తే రోలర్ ఒకచోట చదునుగా నొక్కుకుపోయి ఉంది. ఆ వెనక గదిలో ఉన్నన్నాళ్లూ ఆ మెట్టు మీద ఏదో బరువు పెట్టి ఉంచారు. ఆగి ఉన్న క్యాప్‌స్టన్‌కు రబ్బరు ఏళ్ల తరబడి ఆని ఉండిపోయింది.

ఫెల్టు ప్యాడ్‌లు మొత్తం 35నూ మార్చాను. బాగున్నవాటిని ఉంచుదామని యజమాని అన్నారు. నేను ఒప్పుకోలేదు. సగం పాతవి, సగం కొత్తవి అయితే పక్కపక్క మెట్లు వేర్వేరు రకాలుగా పలుకుతాయి, అరిగే వేగమూ వేర్వేరే.

హెడ్డులకు పట్టిన గోధుమరంగు మట్టి ఆల్కహాల్‌తో పోయింది. అరుగుదల ఉంది, అయితే వాడదగినంతే. తర్వాత డీమాగ్నటైజర్ పట్టాను. దానికన్నా ముందు టేపుల ఫ్రేమును పక్క గదిలో పెట్టించాను. ఆ పరికరాన్ని దూరంగా ఉండగానే ఆన్ చేసి, మెల్లగా దగ్గరికి తెచ్చి, మెల్లగా దూరం జరిపాకే ఆఫ్ చేయాలి. హెడ్డు దగ్గర ఆఫ్ చేస్తే తీసేయాల్సిన అయస్కాంతత్వాన్ని మనమే అంటించినట్టవుతుంది.

టేపులు పాలియెస్టర్‌వి, వాటి పూత ఊడిపోలేదు, జిగురు పట్టలేదు. పొడిగా, పీచు రాని గుడ్డతో తుడిచి సరిపెట్టాను. రెండోసారి నొక్కితే మూగబోయే ఆ మెట్టుకు కారణం గూట్లో దొరికింది: గిటారు వాయించే ప్లాస్టిక్ ప్లెక్ట్రమ్ ఒకటి. మెట్ల సందులోంచి జారిపడి, టేపు దిగే దారిలో అడ్డంగా నిలబడింది. టేపు దిగేటప్పుడు దాన్ని రాసుకుంటూ దిగి, తిరిగి పైకి వచ్చేటప్పుడు చిక్కుకునేది. మొదటికి రాని టేపుకు మెట్టు నొక్కితే పలకడానికి ఏమీ మిగలదు. ఆ రాపిడికి టేపు అంచు ముడత పడింది. దాని సంగతి చివర చెబుతాను.

హమ్మింగ్, నీడ

హమ్మింగ్ విషయంలో మోటారును అనుమానించడం మామూలు. మోటారు తీగ విడదీసినా హమ్మింగ్ ఆగలేదు. ఆసిలోస్కోప్‌లో చూస్తే అది 50 హెర్ట్జ్. ఇంగ్లండు మెయిన్స్ 50 హెర్ట్జ్ కాబట్టి, మెయిన్స్‌ను డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్ తర్వాతి కెపాసిటర్లు బలహీనమైతే 100 హెర్ట్జ్ కనిపించాలి. 50 అంటే ఎక్కడో ఎర్తు తెగి, సిగ్నల్ తీగ గాలిలోని మెయిన్స్‌ను పట్టుకుంటోందని అర్థం. ప్రీ-ఆంప్లిఫైయర్ ఇన్‌పుట్‌ను షార్ట్ చేస్తే హమ్మింగ్ మాయమైంది. అంటే తప్పు దానికి ముందు, హెడ్డుల వైపు.

అసలు ఆచూకీ ఇచ్చింది ట్రాకు మార్చే మీట. దాన్ని ఏ నుంచి సి వైపు తిప్పుతుంటే హమ్మింగ్ ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతోంది. ఎం400లో ట్రాకు మారడమంటే ఎలక్ట్రానిక్ స్విచ్ కాదు, 35 హెడ్డులున్న దిమ్మె మొత్తం పక్కకు జరుగుతుంది. దానితో పాటు ఎర్తు తీగా వంగుతుంది. ఇన్నేళ్లు వంగి వంగి, ట్యాగు దగ్గర పోగులు తెగి, మిగిలిన ఒకటి రెండు పోగులు తుప్పుతో ఆని ఉన్నాయి. మెత్తటి పోగుల తీగ కొత్తది, దిమ్మె చివరిదాకా జరిగినా బిగుసుకోనంత వదులుగా, సోల్డర్ చేశాను. హమ్మింగ్ పూర్తిగా పోయిందనను, టేపు వాద్యంలో అది ఎప్పుడూ పూర్తిగా పోదు. సంగీతం కిందికి దిగిపోయింది.

వయొలిన్ల వెనక ఫ్లూటు వినిపించడానికి కూడా ఆ దిమ్మే కారణం. అది జరిగే దారిలోని గ్రీజు గట్టిపడి, 'ఏ' ట్రాకు స్థానానికి పూర్తిగా వెళ్లకుండా ముందే ఆగిపోతోంది. హెడ్డు కొంత ఏ మీద, కొంత బి మీద కూర్చుంది. ట్రాకుల మధ్య కావాలని నిలిపి రెండు శబ్దాలు కలిపి వాయించడం ఎం400లో ఉన్న సౌకర్యమే, కానీ అది వాయించేవారి ఇష్టం మేరకు జరగాలి. దారి శుభ్రం చేసి, దిమ్మెను చివర్లో ఆపే అడ్డాలు సర్దాక మూడు ట్రాకులూ విడిపోయాయి.

చివరికి స్క్రూలు

70 స్క్రూలనూ వెనక్కి తిప్పేశాను. ఉన్నచోటి నుంచి కొద్దికొద్దిగా సర్దుదామనుకుంటే పాతవారి నిర్ణయాలే మళ్లీ నడుస్తాయి. ప్రతి మెట్టునూ ఖాళీ నుంచి మొదలుపెట్టాలి.

నా పద్ధతి ఇది. మెట్టును పూర్తిగా నొక్కి ఉంచి, ముందు రోలర్ స్క్రూ. తిప్పుతుంటే టేపు కదలడం మొదలవుతుంది, మొదట్లో జారుతూ శ్రుతి తక్కువగా ఉంటుంది, తిప్పేకొద్దీ పెరుగుతుంది, ఒకచోట పెరగడం ఆగుతుంది. అక్కడి నుంచి ఇంకొంచెం, జారకుండా భరోసాగా, అంతే. తర్వాత ప్యాడ్ స్క్రూ. తిప్పుతుంటే శబ్దం పెరుగుతుంది, మెరుపు వస్తుంది, ఒకచోట పెరగడం ఆగుతుంది. అక్కడే ఆపాలి. దాటితే శబ్దంలో ఏ లాభమూ లేదు, టేపుకు బ్రేకు మాత్రం పడుతుంది. ప్యాడ్ పెట్టాక ఒకసారి రోలర్‌ను సరిచూడాలి, ఎందుకంటే ఇప్పుడు టేపు మీద కొత్తగా కొంత రాపిడి చేరింది. ఆ తర్వాత మెట్టును మెల్లగా నొక్కి, టక్కున నొక్కి రెండు రకాలుగానూ వినాలి. రోలర్ మరీ ముందుగా పట్టుకుంటే, ప్యాడ్ ఆనేలోపే టేపు కదిలిపోయి స్వరం మొదలు మింగేసినట్టు వినిపిస్తుంది. వయొలిన్ కమాను తీగను తాకే ఆ మొదటి క్షణం పోతే మెలోట్రాన్‌కూ మామూలు ఆర్గన్‌కూ పెద్ద తేడా ఉండదు.

ఈ పని పొద్దున్నే, చెవి తాజాగా ఉన్నప్పుడు చేస్తాను. పది మెట్ల తర్వాత చెవి ఏదైనా ఒప్పుకోవడం మొదలుపెడుతుంది. అందుకే చివర్లో మొదటి పది మెట్లను మళ్లీ విన్నాను. వాటిలో రెండు ప్యాడ్‌లను సడలించాల్సి వచ్చింది.

అన్నీ అయ్యాక, కార్డు మీది వేగం సర్దుబాటును అరగంట వేడెక్కిన మోటారుతో, శ్రుతి మార్చే పిచ్ మీట నడిమధ్యన ఉంచి, ఒంటి స్వరాల సగటుకు సరిచేశాను. ఏడు మెట్లకు జారుడు ఇప్పుడు 7 సెంట్లు. పది వేళ్లూ వేస్తే 11. దీనికన్నా తగ్గించాలని నాకు లేదు. ఆ కొద్దిపాటి కుంగుబాటు ఎం400 కొత్తగా ఉన్నప్పుడూ ఉంది, అది కలిపి పలికే స్వరాలకు ఊపిరి అదే. డిజిటల్ కీబోర్డుల్లో మెలోట్రాన్ శబ్దాన్ని నమూనాగా పెట్టినవారు చాలామంది ఇదొక్కటే మరిచిపోతారు.

కార్డు పాతదే ఉంది. కొత్తదానికని యజమాని పక్కన పెట్టిన డబ్బు ఫెల్టులకు, రోలర్లకు, బెల్టుకు సరిపోయింది.

ముడత పడ్డ ఆ టేపు గురించి. మెలోట్రాన్లు తయారుచేసిన పాత కంపెనీ స్ట్రీట్లీ ఎలక్ట్రానిక్స్ పేరును బ్రాడ్లీ కుటుంబంలోని తరువాతి తరం మళ్లీ నిలబెట్టింది, ఎం400 టేపులు ఇప్పటికీ చేసి ఇస్తారు. ఒక్క మెట్టుకు కొత్త టేపు తెప్పించి వేస్తే ముడత పోతుంది, కానీ కొత్త టేపు పక్కనున్న పాతవాటికన్నా ప్రకాశంగా పలుకుతుంది. ప్యాడ్ సడలించి దాన్ని మందంగా చేయవచ్చు కదా అని యజమాని అడిగారు. ఈ వాద్యం ఇక్కడికి చేరింది అలాంటి తెలివితోనే అని చెప్పాను. చివరికి పాత టేపునే ఉంచమన్నారు. ముడత ఉన్నది సి ట్రాకు వైపు అంచున, అదీ ఆరో సెకను దగ్గర. బృందగానంలో ఆ స్వరాన్ని అంతసేపు పట్టుకుంటే తప్ప వినపడదు. అప్పటికి వేలు ఎలాగూ లేవాల్సిందే.